చూలు గొఱ్ఱె ఎద చూపుట: దానిని గొడ్డని తలచి అమ్మరాదు

ఉయ్యూరు, గుడివాడ, మచిలీపట్టణ ప్రాంతములందు భూవసతి గల రైతులలో కొందఱు వ్యవసాయమునకు తోడుగా గొఱ్ఱెలను గూడ పెంచుచుందురు. కొందఱు కాపరులను జీతమునకు నియమించుకొందురు. మఱికొందఱు ఆడగొఱ్ఱెలను కాపరులకు పాలికిచ్చి, పుట్టిన పిల్లలలో భాగము పొందుదురు. గొఱ్ఱెలవలన మాంసపు రాబడియే గాక, వేసవిలో చేలయందు మంద కట్టించుటచే పెంటయు మూత్రమును నేలకు చేరి తరువాతి పైరునకు బలము కలుగును. ఇట్టి మందకు మూలధనము ఈనగల ఆడగొఱ్ఱెలే. వానిలో నొకదానిని పొరపాటున పోగొట్టుకొనుట విత్తనపు వడ్లను దంచుకొని తినుటతో సమానము.

ఆ పొరపాటు జరుగు విధమిది. సార్వా వరి చేలలో నిలిచియున్న దినములందు మందలకు గట్లు, కాలువ కట్టలు, బంజరు భూములు తప్ప వేఱు మేత లేదు. మేత చాలనందున రైతు మందను తగ్గింపదలచును. జూలైలో పొట్టేలు దాటిన గొఱ్ఱె ఆగస్టులోనో సెప్టెంబరులోనో మరల పొట్టేలును దాటనిచ్చుట కాపరి కంటబడును. "కట్టు నిలువలేదయ్యా, ఇది గొడ్డు" అని అతడు రైతునకు చెప్పును. బేరగాడు వచ్చినప్పుడు మొట్టమొదట ఆ గొఱ్ఱెయే చేయి మాఱును. కోసిన పిదప కడుపులో పిల్ల కనబడును. కాపరి చూచినది నిజమే. కాని చూలుతో నున్న గొఱ్ఱె కూడ ఒక్కొక్కప్పుడు ఎద చూపుననియు, పొట్టేలును దాటనిచ్చుననియు అతనికి తెలియదు. ఈ సంగతిని, దానివలన నష్టపడకుండు ఉపాయములను రైతులకు విశదపఱచుటకే యీ కరపత్రము.

1. మామూలు ఎద

ఆడగొఱ్ఱె చూలు లేని కాలమున 16 లేక 17 దినముల కొకమాఱు ఎదకు వచ్చును. ఆ ఎద సుమారు 24 మొదలు 36 గంటలవఱకు నుండును. చలిదేశపు గొఱ్ఱెలు సంవత్సరములో కొన్ని మాసములందే ఎదకు వచ్చును. మన దేశపు గొఱ్ఱెలకట్టి కట్టుబాటు లేదు. మేత బాగుగ నుండినచో నే ఋతువునందైనను కట్టును. తొలకరి వానలకు పచ్చిక లేచినపుడు, పైరు కోసిన చేలలో మేత దొరకినపుడు ఎక్కువ గొఱ్ఱెలు ఎదకు వచ్చుటకు కారణమిదియే.

ఆవువలె గొఱ్ఱె ఎదను బిగ్గఱగా చాటదు. ఆవు అఱచును, ఇతర పశువులపై కెక్కును. గొఱ్ఱె అట్లు చేయదు. దాని ఎద పొట్టేలున్నచోటనే బయటపడును. అది పొట్టేలును వెదకుకొని పోవును, ప్రక్కన నిలుచును, తోక నాడించును, మెడ త్రిప్పి వెనుకకు చూచును, పొట్టేలెక్కినపుడు కదలక నిలుచును. పొట్టేలు దాని మూత్రమును వాసనచూచి పైపెదవి నెత్తి తల పైకి చాచును; ముంగాలితో దాని ప్రక్కను తాటించును. ఎదలో లేని గొఱ్ఱె పొట్టేలు దగ్గఱకు రాగానే తప్పించుకొని పాఱిపోవును. కదలక నిలుచుటయే ఎదకు నమ్మదగిన గుర్తు.

2. చూలు కాలమందు ఎద యేల కలుగును?

పొట్టేలు కట్టి చూలు నిలిచినచో, ఇంచుమించు 12, 13 దినములనాటికి గర్భమందలి పిండము తల్లి శరీరమునకు తన యునికిని తెలుపు నొక పదార్థమును విడుదల చేయును. అంతట అండాశయమునందు పచ్చని కాయవంటి భాగము కరగిపోక నిలుచును. అది ప్రొజెస్టెరాను అను రసమును స్రవించి చూలును కాపాడును. రమారమి 50 దినములు దాటిన పిమ్మట మాయయే ఆ రసమును తగినంతగా ఉత్పత్తి చేయసాగును. ఈ రసము నిండుగా నున్నంతకాలము సాధారణముగ ఎద రాదు.

అయినను చూలు కాలమందు అండాశయము పూర్తిగా నిద్రపోదు. అందు చిన్న చిన్న నీటి బుడగలవంటి కోశములు పెరుగుచు నణగుచు నుండును. వానినుండి ఎదను పుట్టించు ఈస్ట్రోజను అను రసము కొంత వెలువడును. కొన్ని గొఱ్ఱెలయం దది ఎద లక్షణములు చూపుటకు చాలినంత యగును. అప్పుడు గొఱ్ఱె పొట్టేలును దాటనిచ్చును. కాని సామాన్యముగ అండము విడుదల కాదు, క్రొత్త చూలు కట్టదు, మొదటి చూలు చెడదు. పొలములో నొక పైరు నిలిచియుండగా మఱియొక విత్తనము చల్లినట్లు ఈ కట్టు వ్యర్థమై పోవును.

1956వ సంవత్సరమున అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు విలియమ్సు, గారిగస్, నార్టన్, నాల్బండోవ్ అనువారు చూలు గొఱ్ఱెలలో కనబడు ఎదను గూర్చి పరిశోధించి వ్యాసము ప్రకటించిరి. కనుక ఇది రోగము గాదు, దయ్యము గాదు, గొడ్డుతనము గాదు. గొఱ్ఱెజాతికి గల సహజ ధర్మములలో నొకటి. అన్ని గొఱ్ఱెలును ఇట్లు చేయవు. చేయునది మందలో నేదో ముందుగా చెప్పుటకు వీలులేదు.

3. తెలియనందువలన కలుగు నష్టములు

మొదటిది పైన చెప్పబడినది: కడుపుతో నున్న గొఱ్ఱెను గొడ్డు ధరకు అమ్ముట. ఇందు తల్లియు పిల్లయు రెండును పోవును. చూలు పశువును వధశాలయందు కోయుట 2001వ సంవత్సరపు వధశాలల నిబంధనలచే నిషేధింపబడినదని గూడ రైతులు గుర్తుంచుకొనవలెను.

రెండవది మందుల వలని నష్టము. గొఱ్ఱె లన్నియు నొకేమాఱు ఎదకు వచ్చునట్లు చేయుటకు ప్రోస్టాగ్లాండిను సూదిమందు వాడుట కలదు. చూలు కట్టిన తొలి 50 దినములలో ఈ మందు పడినచో గొఱ్ఱె ఈచుకపోవును. మఱల ఎద చూపినది గావున వట్టిదని తలచి మందు వేయించిన రైతు తన చేతులతోనే పిల్లను పోగొట్టుకొనినవాడగును. అట్లే కాలువ గట్లమీద, చిత్తడి నేలలలో మేయు గొఱ్ఱెలకు కార్జపు జలగలు పట్టుట యీ డెల్టాలో సామాన్యము. వానికి, ఇతర పాములకు ఇచ్చు ఆల్బెండజోలు మందును చూలు తొలి మాసమున ఇయ్యరాదు. ఇచ్చినచో పిల్ల వికృతమగుటకు అవకాశము గలదు. ఏ గొఱ్ఱె యెప్పుడు కట్టినదో తెలియనివాడు ఏ మందు ఎప్పుడు ఇయ్యవలెనో తెలిసికొనలేడు.

మూడవది లెక్క తప్పుట. గొఱ్ఱె చూలు మోయు కాలము సుమారు 147 దినములు. నాలుగైదు దినములు హెచ్చుతగ్గులుండవచ్చును. ఒక గొఱ్ఱె జూలై 1వ తేదీన కట్టినదనుకొందము. ఆగస్టు 10వ తేదీన అదే గొఱ్ఱె మరల పొట్టేలును దాటనిచ్చినది. రైతు మొదటి తేదీని కొట్టివేసి రెండవదానినే నమ్మినచో జనవరి 4వ తేదీకి ఈనునని లెక్క వేయును. మొదటి కట్టే నిలిచియుండినచో అది నవంబరు 25వ తేదీకే ఈనును. అనగా 40 దినములు ముందుగా, దాణా పెట్టక మునుపే, టీకా వేయింపక మునుపే, సార్వా కోతల సందడిలో, ఎవరును చూడనిచోట ఈనును. నవంబరు తుపానుల మాసము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విఱుచుకొనిపడిన ఉప్పెనలో వేలాది జనులతో పాటు లెక్కకు మిక్కిలియైన పశువులును నశించినవి. అంతటి ఉపద్రవము రాకపోయినను, ఒక రాత్రి చలిగాలితో కూడిన వాన, తడి యారని క్రొత్త పిల్లను చంపుటకు చాలును. ఈనబోవు దినము ముందుగా తెలిసిన రైతు దానిని పాకలోనికి తోలును. తెలియనివాడు గట్టుమీద వదలును.

4. జేగురు గుర్తులు, తేదీల చిట్టా

ఈ నష్టములన్నిటికిని మందు చౌకయైనది. జేగురును నూనెలో కలిపి పొట్టేలు ఱొమ్మునకు, ముంగాళ్ల నడుమ దట్టముగ పూయవలెను. పొట్టేలెక్కిన గొఱ్ఱె నడుముమీద ఆ రంగు అంటును. కాపరి ప్రతి ఉదయమును మందను విప్పునప్పుడు రంగు పడిన గొఱ్ఱెలను చూచి, వాని చెవి బిళ్ల సంఖ్యను గాని ఇతర ఆనవాలును గాని రైతునకు చెప్పవలెను. రైతు దానిని చిట్టాలో తేదీతో వ్రాసికొనవలెను. రెండు మూడు దినముల కొకమాఱు రంగు మరల పూయవలెను. 17 దినములు గడచిన తోడనే రంగు మార్చవలెను: మొదట జేగురు, తరువాత నీలి, ఆ పిమ్మట దీపపు మసి. లేతరంగు మొదట, ముదురురంగు పిదప వాడినచో క్రొత్త గుర్తు పాతదానిపై స్పష్టముగ కనబడును.

నెల్లూరు జాతి గొఱ్ఱెలలో మూడు తెగలు గలవు. పల్ల తెల్లనిది, జోడిపి తెల్లనిదై మూతి, కన్నుల చుట్టును నల్లని మచ్చలు గలది, దొర యెఱ్ఱనిది. పల్ల, జోడిపి తెగలమీద జేగురు చక్కగ కనబడును. దొర తెగమీద అది కనబడదు గావున నీలియో మసియో వాడుట మేలు.

చిట్టాను చదువు విధము: తొలి గుర్తునకు 16, 17 దినముల తరువాత రెండవ రంగు పడినచో, మొదటి కట్టు నిలువలేదని తలచుట న్యాయము. ఆ వ్యవధికిగాని, దాని రెట్టింపునకుగాని సరిపడక 25వ నాడో 40వ నాడో పడినచో, అది చూలు గొఱ్ఱె ఎద యైనను కావచ్చును, పిండము నడుమ చెడి మరల వచ్చిన ఎద యైనను కావచ్చును. చిట్టా అనుమానమును మాత్రమే పుట్టించును, తీర్పు చెప్పదు. కాబట్టి రెండవ గుర్తు పడినపుడు మొదటి తేదీని కొట్టివేయరాదు. రెండు తేదీలను ప్రక్కప్రక్కన నుంచి, ముందు తేదీకే సిద్ధముగ నుండవలెను.

5. చూలు నిశ్చయించుట

పశువైద్యశాలయందు స్కానింగు యంత్రమున్నచో చూలును సూటిగ చూడవచ్చును. కుడి గజ్జయందు వెండ్రుకలు లేనిచోట ఆ పరికరము నానించి చూతురు. కట్టిన 40 దినములు దాటిన పిమ్మట ఈ పరీక్ష నమ్మదగినది. 45 మొదలు 90 దినముల లోపల కవలలను గూడ గుర్తింపవచ్చును. అమ్మదలచిన గొఱ్ఱెలను బేరగాని కంటె ముందు వైద్యునికి చూపుట లాభము.

యంత్రము లేనిచో చేతి పరీక్ష గలదు. కట్టిన నాలుగవ మాసమున, రాత్రి మేత పెట్టక, తెల్లవాఱుజామున గొఱ్ఱెను నిలువబెట్టి, ఒక చేయి ఎడమప్రక్క ఆనించి, రెండవచేతి వ్రేళ్లతో కుడివైపు డొక్క క్రిందిభాగమును మెల్లగ పైకి నొక్కి విడువవలెను. పిల్ల యున్నచో గట్టి వస్తువేదో నీటిలో తేలి తిరిగివచ్చి చేతికి తగిలినట్లుండును. గట్టిగ పొడువరాదు.

పొదుగు మఱియొక సాక్షి. తొలిచూలు గొఱ్ఱెకు నాలుగవ మాసమునుండి పొదుగు నిండసాగును. మునుపు ఈనినవానికి కడపటి కొన్ని వారములందే దిగును. కావున పొదుగు లేదని తొందరపడరాదు. ఈ పరీక్షలేవియు చేయించుటకు వీలులేని రైతునకు ఒక్కటే నియమము: కడపటి రంగు పడిన తేదీనుండి 150 దినములు గడచువఱకు ఏ గొఱ్ఱెను గూడ గొడ్డని అమ్మరాదు. ఆ దినముల మేతఖర్చు ఒక తల్లియు ఒక పిల్లయు పోవుటకంటె తక్కువ.

6. పొట్టేలును వేఱు చేయుట, మేత

చూలు గొఱ్ఱె ఎద చూపునపుడు పొట్టేలు దాటుటవలన తొలిమాసములందు హాని సామాన్యముగ కలుగదు. కాని కడపటి రెండు మాసములలో పొట్టేళ్లు తఱుముట, క్రుమ్ముట, ఇఱుకు వాకిళ్లలో త్రోపుడు ఇవి చూలు గొఱ్ఱెకు ప్రమాదకరములు. కాబట్టి కట్టు కాలము 45 దినములు గడచిన పిదప పొట్టేళ్లను వేఱు దొడ్డిలో నుంచుట మంచిది. అట్లుంచిన రైతునకు మఱియొక మేలు గలదు: వ్యర్థపు రంగు గుర్తులు తగ్గి చిట్టా నిర్మలముగ నుండును, పిల్లలన్నియు దగ్గఱ దగ్గఱగా పుట్టును.

కడుపులోని పిల్ల బరువులో మూడింట రెండు పాళ్లకు పైగా కడపటి ఆఱు వారములలోనే పెరుగును. ఈ డెల్టాలో ఆ కాలము తఱచుగా మేత కఱవు కాలము. వరి కోతకు రెండు మూడు దినముల ముందే మినుములు చల్లుదురు గావున కోసిన చేలును మందలకు తెఱపి కావు. అందుచేత ఈ ఆఱు వారములందు రోజునకు 200 మొదలు 250 గ్రాముల వఱకు తవుడు, తెలికపిండి, మినుపపొట్టు కలిపిన దాణాను, దానితో పిల్లిపెసర, జీలుగ, అవిసె మొదలగు పచ్చిమేతను ఇయ్యవలెను. మేత చాలని కవలచూలు గొఱ్ఱె మందకు దూరముగ నిలిచి, మేయక, చూపు లేనిదానివలె తడుముకొనును. అట్టిదానిని వెంటనే వైద్యునికి చూపవలెను. ఈనుటకు నాలుగు వారముల ముందు చిటుకురోగపు టీకా వేయించినచో ఆ రక్షణ ముఱ్ఱుపాలద్వారా పిల్లకును చేరును.

7. ఈనునప్పటి నడవడి

ఈనబోవు గొఱ్ఱె మందను విడిచి ఒక మూలకు పోవును; నేలను కాలితో గీఱును; పండుకొని లేచును. అంతకుముందు ఉమ్మనీటి వాసనను అసహ్యించుకొను గొఱ్ఱెయే ఈనునపుడు దానిని ఆశతో నాకును. ఈ మార్పు వలననే తల్లి తన పిల్లను తుడిచి యారబెట్టును, నోరు తెఱువక సన్నని గొంతుతో పిలుచును, అరగంట మొదలు రెండు గంటల లోపల దాని వాసనను గుర్తుపట్టును. అటుపిమ్మట అన్యుల పిల్లను పొడిచి తఱుమును.

ఇందుండియే మఱియొక చిక్కు పుట్టును. ఇంకను ఈనని గొఱ్ఱె యొకటి ప్రక్కనున్న గొఱ్ఱెకు పుట్టిన పిల్లను తనదిగ నాకి స్వాధీనపఱచుకొనును. తరువాత తన పిల్ల పుట్టినపుడు దానిని విడిచివేయవచ్చును. కిక్కిఱిసిన దొడ్డిలో ఇది సులభముగ జరుగును. అందుచేత ఈనబోవు గొఱ్ఱెను వేఱు మూలలో నుంచి, రెండుగంటలు తల్లిని పిల్లను విడదీయరాదు. పిల్లను కడుగుట, ఇంటిలోనికి తీసికొనిపోవుట కూడదు. తల్లి చచ్చిన పిల్లను మఱియొక తల్లికి అప్పగింపవలెనన్నచో, ఆ తల్లి ఈనిన వెంటనే దాని ఉమ్మనీటిని అనాథపిల్లకు పూయుట ఉపాయము.

మంచి పిల్ల అరగంటలో లేచి నిలుచును. రెండుగంటలలోపల చన్ను పట్టును. పట్టనిచో ముఱ్ఱుపాలు పిండి త్రాగింపవలెను. మూడు కిలోగ్రాముల పిల్లకు మొదటి దినమున మొత్తము 600 మిల్లీలీటర్లు కావలెను. అందు మొదటి భాగము ఆఱుగంటలలోపల పడవలెను. ఆ కాలము దాటినచో ముఱ్ఱుపాలలోని రోగనిరోధక శక్తి పిల్ల రక్తమునకు చాలినంత చేరదు.

8. రైతులు గుర్తుంచుకొనవలసినవి

(1) చూలు గొఱ్ఱె ఒక్కొక్కప్పుడు ఎద చూపును, పొట్టేలును దాటనిచ్చును. అంతమాత్రమున అది గొడ్డు గాదు.

(2) పొట్టేలు ఱొమ్మునకు రంగు పూసి, ప్రతి గుర్తును తేదీతో వ్రాయవలెను. రెండవ తేదీ వచ్చినను మొదటిదానిని కొట్టివేయరాదు.

(3) చూలు లేదని నిశ్చయించుకొనక ఎదకు తెచ్చు సూదిమందు వేయింపరాదు. చూలు తొలి మాసమున ఆల్బెండజోలు ఇయ్యరాదు.

(4) అమ్ముటకు ముందు స్కానింగు చేయింపవలెను. లేనిచో కడపటి గుర్తునుండి 150 దినములు ఆగవలెను.

(5) దాణా, టీకా, పాక ఇవన్నియు ముందు తేదీనిబట్టి సిద్ధపఱచుకొనవలెను.

చిట్టా రైతు వ్రాయును, గుర్తు కాపరి చూచును. ఇద్దఱును కలిసి చేసినప్పుడే యీ పని నెఱవేఱును. పాలికిచ్చిన రైతు కాపరిని అనుమానించుటకంటె అతనికి జేగురును, నూనెను కొనియిచ్చి, ప్రతి ఉదయము ఒక్క మాట అడుగుట మేలు. ఆ మాట అడిగిన రైతు మందలో కడుపుతోనున్న గొఱ్ఱె బేరగాని బండి యెక్కదు.